ఒరిజినల్ ఆట కొన్న దస్తగిరి

దస్తగిరి ఇరవై రెండేళ్లు బేతంచెర్ల బండల లారీ నడిపాడు. ఒకరోజు లోడెత్తుతుంటే బండ జారి ఎడమ మోకాలి మీద పడింది. కాలు నిలిచింది గాని, ఇక క్లచ్ తొక్కే పని పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. యజమాని ఆ లారీ తాళాలు తీసుకెళ్లి నరసింహులు చేతిలో పెట్టాడు.

నరసింహులుది ఆళ్లగడ్డ. పదేళ్ల పాటు ఆ బండి మీదే దస్తగిరితో వంతులేసుకుని డ్రైవింగ్ చేసినవాడు. ఇందులో అతని తప్పేమీ లేదని దస్తగిరికి తెలుసు. అయినా నంద్యాల బొమ్మలసత్రంలో తన ఇంటి మీదుగా ఆ లారీ పోతుంటే, హారన్ గుర్తుపట్టి గుమ్మంలోంచి లేచి లోపలికి వెళ్లిపోయేవాడు. లారీలను తూకం వేసే కాటా దగ్గర చీటీలు రాసే పనిలో చేరాడు.

ఒకసారి ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు నరసింహులు తన కంప్యూటర్లో లారీ ఆట చూపించాడు. టేబులుకు బిగించిన స్టీరింగు, కింద రెండే పెడల్స్. క్లచ్ లేదు. ఘాట్ రోడ్డులో మలుపు తిప్పుతుంటే దస్తగిరి అరచేతులు చెమర్చాయి.

"ఎంతకు తీస్కుంటివప్పా?"

"యాడ తీస్కునేదన్నా! మావోడొకడు పెన్‌డ్రైవులో ఇచ్చినాడు. ఊరికే వచ్చింది."

తాను తోలలేని లారీ వీడికి దక్కింది, కూర్చుని ఆడే లారీ కూడా ఊరికే దక్కింది. ఆ మాట దస్తగిరి ఇంటిదాకా మోసుకొచ్చాడు. వారం తిరగకుండా పాత కంప్యూటరు, స్టీరింగు సంపాదించి, ఆటను మాత్రం కంపెనీకి దుడ్లు కట్టి ఒరిజినల్‌దే కొన్నాడు. "వానిది దొంగది, నాది అసలుది" అని భార్య మదార్‌బీతో రెండు మూడుసార్లు అన్నాడు.

అసలుదానికి ఒక నియమం ఉంది. తెరిచిన ప్రతిసారీ నెట్ ద్వారా కంపెనీని అడిగి, అది సరేనంటేనే మొదలవుతుంది. మురికికాలువ కోసం వీధి తవ్వినప్పుడు కేబుల్ తెగి నాలుగు రోజులు నెట్ రాలేదు. ఆ నాలుగు రోజులూ దస్తగిరి స్టీరింగు ముందు ఊరికే కూర్చున్నాడు. ఫోన్లో నరసింహులు మాత్రం "ఈ పొద్దు రెండు ట్రిప్పులేసినా అన్నా" అన్నాడు.

తర్వాత కరెంటు హెచ్చుతగ్గులకు కంప్యూటరు బోర్డు కాలిపోయింది. రిపేరు షాపు జ్యోత్స్న కొత్త బోర్డు వేసింది. ఆటను తెరిస్తే ఇంగ్లీషులో నాలుగు వరుసలు వచ్చి ఆగిపోయింది.

"మూడుసార్లే ఎక్కించుకోవచ్చంటన్నా" అని చదివి చెప్పింది జ్యోత్స్న. "మొదట ఒకసారి ఎక్కిస్తిమి. విండోస్ పోయినప్పుడు ఒకసారి. డిస్కు మార్చినప్పుడు ఒకసారి. ఇది నాలుగోది అంటాంది."

"కంప్యూటరు నాదే గదమ్మా? కొన్నోన్ని నేనే గదా?"

"బోర్డు మారితే వేరే మనిషి అనుకుంటాది. రసీదు పెట్టి కంపెనీకి రాస్తా. లేదంటే చెప్పు, దొంగది ఎక్కిస్తా. నిమిషం పని."

"దుడ్లు కట్టినోన్ని, నేను దొంగ మాదిరి యాల ఆడల్ల?" అని కోపంగా లేచి వచ్చేశాడు. జ్యోత్స్న రాసింది గాని, కంపెనీ నుంచి వారమైనా జవాబు రాలేదు.

ఆ ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కాడు. ఎందుకెళ్తున్నాడో మదార్‌బీకి చెప్పలేదు, తనకూ సరిగ్గా తెలియదు. నరసింహులు ఇల్లు విగ్రహాలు చెక్కేవాళ్ల వీధిలో ఉంది. కిటికీలోంచి ఉలిదెబ్బలు, రాతిపొడి వస్తున్నాయి. నరసింహులు భార్య లీలావతి ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. నరసింహులు ఆట తెరిచి, సంపాదించిన లారీలన్నీ వరుసగా చూపించాడు. పద్నాలుగు.

"నీదెంతవరకు వచ్చిందన్నా?"

"నడుస్తాంది" అన్నాడు దస్తగిరి.

ఇంతలో యజమాని ఫోను. రేపటి లోడు గురించి మాట్లాడుతూ నరసింహులు బయటికి వెళ్లాడు. "బేతంచెర్లకు నేనే బండి తీస్కపోతా" అన్న మాట లోపలికి వినిపించింది. దస్తగిరి మౌసు పట్టుకున్నాడు. ఆ ఆటలో ఏది ఎక్కడుందో అతనికి తెలుసు. డ్రైవర్ల పట్టికలో నరసింహులు పేరు మీద నొక్కాడు. ఈ డ్రైవరును తీసేయమంటావా అని అడిగింది. అవును అన్నాడు. ఆ పేరుతో పాటు పద్నాలుగు లారీలూ పోయాయి.

నరసింహులు తిరిగొచ్చి తెర చూసి నిలబడిపోయాడు. "ఏందన్నా ఇది, నా బండ్లన్నీ యాడబోయినాయి?"

దస్తగిరి ఉగ్గాని ప్లేటు దగ్గరికి లాక్కున్నాడు.

కాసేపు అటూ ఇటూ వెతికి నరసింహులు నవ్వేశాడు. "దొంగ సరుకు గదా, ఇట్లనే ఉంటాది. నువ్వు చేసిందే మంచి పనన్నా. ఒరిజినల్ అయింటే ఈ బాధే ఉండేది గాదు."

ఇంటికొచ్చాక మదార్‌బీకి చెప్పేశాడు. ఆమె బియ్యం ఏరుతూ చాట కింద పెట్టింది. "వాని పేరు కొట్టేస్తే నీ కాలు బాగైతాదా?" అంది. మళ్లీ చాట చేతిలోకి తీసుకుంది.

రాసిన పదకొండో రోజు కంపెనీ జవాబు వచ్చింది. ఇబ్బందికి చింతిస్తున్నామని రాసి ఇంకొకసారి ఎక్కించుకునే అనుమతి ఇచ్చారు. దస్తగిరి ఆడాడు గాని మనసు నిలవలేదు. మరుసటి వారం నరసింహులు బండల లోడుతో కాటా మీదికి వచ్చాడు. చీటీ అందిస్తూ దస్తగిరి అన్నాడు:

"ఆ పొద్దు నీ బండ్లు తీసేసింది నేనే."

నరసింహులు క్యాబిన్ దిగలేదు. "యాలన్నా?"

"నేను కొన్నదాంట్లోకి నన్నే రానీయలేదప్పా. నీకు రెండు లారీలూ నడుస్తాండె. ఓర్వలేకపోయినా."

నరసింహులు చీటీ జేబులో పెట్టుకుని, గేరు వేసి వెళ్లిపోయాడు. నెల రోజులు ఫోను చేయలేదు. లోడుతో వచ్చినా కిటికీలోంచి చెయ్యి చాచి చీటీ తీసుకునేవాడు, అంతే.

నెల తర్వాత ఒక సాయంత్రం ఫోను మోగింది. "అన్నా, మొదటినుంచీ ఆడినా. పద్దెనిమిది బండ్లైనాయి" అన్నాడు నరసింహులు.

అతను మళ్లీ మాట్లాడినందుకు దస్తగిరికి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, పద్దెనిమిది అన్న మాటకు తన లారీలు లెక్కపెట్టుకున్నాడు.

"నావి తొమ్మిదేప్పా" అన్నాడు.