సొలొమోను గీసిన సుద్దగీత

గుణదలలో సొలొమోను ఎక్కడ కూర్చోవాలన్నా ముందు రేడియోని అడిగేవాడు. పెళ్ళి పందిరి కానీ, మంగలి షాపు కానీ, గుళ్ళో బల్ల కానీ, ఆయనకి అన్నీ ఒకటే. జేబులోంచి అరచేతిలో పట్టే ట్రాన్సిస్టర్ తీసి, చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని తన చుట్టూ తాను ఒకసారి తిరిగేవాడు. తర్వాత "ఇక్కడ తరంగాలున్నాయి, కూర్చోకూడదు" అనో, "ఇక్కడ కూర్చోవచ్చు" అనో తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పుకి అప్పీలు లేదు. ఒకసారి సొంత మేనకోడలి పెళ్ళిలో పెళ్ళికొడుకుని కుర్చీతో సహా నాలుగడుగులు జరిపించాడు. పాపం, ఆ కుర్రాడు ఇప్పటికీ ఈయన్ని చూస్తే లేచి నిలబడతాడు.

తరంగాలంటే సెల్‌ఫోన్ తరంగాలు. రెండువేల అయిదో సంవత్సరం. బెజవాడలో ప్రతి మూడో మేడ మీదా ఓ టవరు లేస్తోంది. దానివల్ల రోగాలొస్తాయని కొందరు, అదేం లేదని కొందరు టీ కొట్ల దగ్గర తెగ వాదించుకునేవాళ్ళు. సొలొమోను మాత్రం వాదించేవాడు కాదు. రేడియో తీసేవాడు.

ఈ గొడవలో అందరికన్నా ఎక్కువ నలిగిపోయినవాడు ఆయన బావమరిది జాన్‌బాబు. ఎందుకంటే జాన్‌బాబుకి గవర్నర్‌పేటలో ఉన్నది సెల్‌ఫోన్ల కొట్టు.

ఒకరోజు కొట్లో బేరం దాదాపు కుదిరిపోయింది. సరిగ్గా అప్పుడే బావగారు వచ్చి రేడియో బల్లమీద పెట్టాడు. అది గరగరా, టకటకా అంది. ఆ వెంటనే పక్కనున్న ఫోన్ మోగింది.

"చూశారా, ఫోన్ రాకముందే దీనికి తెలిసిపోయింది. మరి మీ బుర్రకి తెలియకుండా ఉంటుందా?" అన్నాడు సొలొమోను, కొనడానికొచ్చినాయనతో.

ఆయన ఫోన్ని చచ్చిన ఎలకని పెట్టినట్టు బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

"బావగారూ, మీకో దణ్ణం. కొట్టుకి రాకండి," అన్నాడు జాన్‌బాబు.

"నేను రాకపోతే తరంగాలు మానేస్తాయట్రా?"

ఆ సంగతి గుణదలంతా పాకింది. రేడియో మీద జనానికి గురి కుదిరింది. సొలొమోను ఆ తర్వాత దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు, ఎవరి చెవి దగ్గరా పెట్టలేదు.

జాన్‌బాబుకి ఇదంతా ఒక పట్టాన మింగుడుపడేది కాదు. బావగారేమన్నా కరెంటంటే తెలియనివాడా? ముప్ఫై ఏళ్ళు ఆటోనగర్‌లో లారీలకి వైరింగ్ చేశాడు. తలమీద నిప్పురవ్వలు రాలుతున్నా నోట్లో బీడీ తియ్యని మనిషి. అలాంటివాడు జేబులో పట్టే ఫోన్ని చూసి బెదిరిపోవడమేమిటి? వయసు మీద పడిందనుకున్నాడు. అక్క శౌరమ్మ జబ్బుతో బావకి మతి చెదిరిందని కూడా అనుకున్నాడు.

ఆ జబ్బు సంగతి చెప్పాలి. ఏడాది కిందట శౌరమ్మ సిటీబస్సు దిగుతూ పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేసరికి ఎముక బ్రహ్మాండంగా అతుక్కుంది, చెయ్యి మాత్రం మంటెత్తిపోయింది. కారం రాసినట్టుందనేది. ఫ్యాను గాలి తగిలినా, పైట చెంగు తగిలినా ప్రాణం పోయేది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఎక్స్‌రేలో లేని నొప్పిని చుట్టాలెందుకు నమ్ముతారు? అంట్లు తోమకుండా ఉండటానికి ఎత్తన్నారు. జాన్‌బాబు పైకి అనలేదు గానీ, అక్క కాస్త ఎక్కువ చేస్తోందని లోపల అనుకున్నవాడే.

అన్నవాళ్ళు ఊరుకున్నా బాగుండేది. మనవాళ్ళకి పలకరించడమంటే పట్టుకోవడమే కదా. వచ్చిన ప్రతివాళ్ళూ "ఏదీ, చూడనీ" అని ఆ చెయ్యే పట్టుకునేవాళ్ళు. ప్రార్థనకొచ్చినవాళ్ళు సరిగ్గా నొప్పున్న చోటే చెయ్యేసేవాళ్ళు. శౌరమ్మ పిన్ని తెరేసమ్మైతే మరిగించిన నూనె గిన్నెతో వచ్చి, "గట్టిగా పట్టిస్తేగాని వాతం దిగదే" అని చీర కొంగు నడుముకి చెక్కుకుని కూర్చునేది.

సుద్దగీత అప్పుడే వచ్చింది. శౌరమ్మ మంచం చుట్టూ, గజం దూరంలో. తెరేసమ్మ నూనె గిన్నెతో గుమ్మంలోకి రాగానే సొలొమోను రేడియో తీశాడు.

"అత్తయ్యగారూ, అక్కడే ఆగండి. మీ ఒంట్లో తరంగాలున్నాయి."

"నాకు ఫోనే లేదు కదయ్యా."

"టవరు కిందనుంచి నడిచొచ్చారుగా, పట్టుకునుంటాయి. గీత దాటితే శౌరి చేతికి ఎక్కుతాయి."

"మరి నూనో?"

"నూనెకి ఇంకా తొందరగా ఎక్కుతాయి."

తెరేసమ్మ భయపడి గిన్నె వీధరుగు మీద పెట్టేసింది. ప్రార్థనవాళ్ళు కూడా గీత అవతలే నిలబడి ప్రార్థన చేసి వెళ్ళేవాళ్ళు. బయటికొచ్చాక మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు. "ఆవిడ బానే ఉందమ్మా, పిచ్చంతా ఆయనకే" అనేవాళ్ళు. ఆ మాట చెవినపడితే జాన్‌బాబు సిగ్గుతో చచ్చిపోయేవాడు. సొలొమోను మాత్రం పట్టించుకునేవాడు కాదు.

తిరగ్గా తిరగ్గా ఆఖరికి నొప్పుల డాక్టరు సుధామణి గారు దొరికారు. శౌరమ్మ చెప్పింది మొదటిసారి పూర్తిగా విన్నది ఆవిడే. విని, నమ్మింది. నరం దెబ్బతిందని, నొప్పి కబురు ఆగకుండా పంపుతూనే ఉందని చెప్పింది.

"అంటే హారన్ ఇరుక్కుపోయిందన్నమాట. ఎవరూ నొక్కకపోయినా మోగుతోంది," అన్నాడు సొలొమోను.

"దాదాపు అంతేనండి. కెటమిన్ అని మత్తుమందుంది. ఆపరేషన్లకి వాడేదే. కొద్ది మోతాదులో, సెలైన్లో కలిపి మెల్లగా ఎక్కిస్తాం. కొందరికి ఆ హారన్ తగ్గుతుంది. అందరికీ తగ్గుతుందని మాటివ్వలేను. మందు నడుస్తున్నంతసేపూ ఏవేవో కనిపిస్తాయి, ఏదో మాట్లాడతారు. కంగారుపడకండి, మేం పక్కనే ఉంటాం."

జాన్‌బాబు బావని వరండాలోకి లాగాడు. "అది గుర్రాలకిచ్చే మత్తుమందటండీ. కొట్లో ఎవరో అన్నారు."

"మనిషికిచ్చేది కూడా అదేనని ఆవిడంది కదరా." సొలొమోను గొంతు తగ్గింది. "ఏడాదైంది జాన్‌బాబూ, అది ఒక్క రాత్రి నిండా నిద్రపోయి. ఫిబ్రవరి ఉత్సవాల్లో మాత కొండెక్కుతానంటోంది. ఆ జనంలో ఒక్క మోచెయ్యి తగిలితే ఏమవుతుందో నీకు తెలీదు. ఇదీ పనిచెయ్యకపోతే ఇంక దానికి ఏం చెప్పాలో నాకు తోచడంలేదు."

మర్నాటి నుంచి నాలుగు రోజుల మందు. ఆ గదంతా యంత్రాలే. గుండె చూసేదొకటి, ఊపిరి చూసేదొకటి, టిక్కు టిక్కుమంటూ. డాక్టరు గారి కోటు జేబులో ఫోను. పది నిమిషాలకోసారి మోగుతోంది, అదీ సొలొమోను చెవికి జానెడు దూరంలో. జాన్‌బాబు ఊపిరి బిగబట్టాడు, ఇప్పుడు రేడియో తీస్తాడు, ఆసుపత్రి మొత్తాన్ని నాలుగడుగులు జరిపిస్తాడని. ఊహూ, సొలొమోను కదల్లేదు. సెలైను చుక్కలు చూస్తూ కూర్చున్నాడు.

"బావగారూ, తరంగాలు," అని గుర్తుచేశాడు ఉండబట్టలేక.

"నోర్ముయ్."

అప్పుడు శౌరమ్మ కళ్ళు తెరిచింది. మొహం పువ్వులా విప్పారింది.

"జానూ, నేను బ్యారేజీ మీద ఎగురుతున్నానురా. కృష్ణ నిండుగా ఉంది."

"అలాగే అక్కా. జాగ్రత్త."

"నీకో రహస్యం చెప్తాను. మీ బావ రేడియోలో బ్యాటరీలు లేవురా."

జాన్‌బాబు బావ వంక చూశాడు. సొలొమోను పైకప్పు వంక చూస్తున్నాడు.

"నీ కొట్లో గరగరలాడిన మర్నాడే తీసి గోడ గడియారంలో వేశాడు. తరంగాలూ లేవు, గిరంగాలూ లేవు. నా చెయ్యి ఎవరూ పట్టుకోకుండా ఉండటానికి ఆ వేషం. నొప్పంటే ఎవరూ ఆగలేదు, తరంగాలంటే అందరూ ఆగారు. నన్ను చూసి నవ్వేవాళ్ళంతా ఆయన్ని చూసి నవ్వడం మొదలెట్టారు." జాన్‌బాబుని దగ్గరికి రమ్మని సైగ చేసింది. "నాకు తెలుసని ఆయనకి చెప్పకు. సిగ్గుపడతాడు."

"చెప్పనక్కా," అన్నాడు జాన్‌బాబు. అక్క నటిస్తోందనుకున్న ఏడాది అంతా ఒక్కసారి గుర్తొచ్చింది. సొలొమోను జేబురుమాలు తీసి ముక్కు గట్టిగా చీదాడు.

నాలుగు రోజులైంది. హారన్ పూర్తిగా ఆగలేదు. కానీ దుప్పటి తగిలితే ఓర్చుకోగలుగుతోంది, రాత్రి అయిదు గంటలు నిద్రపోతోంది. మళ్ళీ కొన్నాళ్ళకి చూద్దామన్నారు డాక్టరు గారు. శౌరమ్మ మాత్రం ఫిబ్రవరి వచ్చేదాకా చూసి, కొండెక్కుతానని పట్టుబట్టింది.

ఉత్సవాల రోజున గుణదల కొండ దారంతా తలలే. సొలొమోను ముందు నడుస్తూ, బ్యాటరీల్లేని రేడియో ఎత్తిపట్టి, "జరగండి బాబూ, తరంగాలు" అంటున్నాడు. ఆ జనంలో రేడియోని ఎవడు చూస్తాడు? పక్కకి జరిగినవాళ్ళు మళ్ళీ మీదికొస్తున్నారు. శౌరమ్మ చెయ్యి గుండెకి హత్తుకుని పెదవి బిగపట్టింది.

జాన్‌బాబు ఒక్క క్షణం ఆలోచించాడు. జేబులోంచి తన సొంత ఫోన్ తీసి నెత్తిమీదికెత్తాడు.

"జరగండి, జరగండి. దీంట్లోంచి తరంగాలొస్తున్నాయి. తగిలితే నరాలు పోతాయి."

జనం చీలి దారిచ్చారు. ఆ దారిలో ఒకాయన మాత్రం నిలబడిపోయాడు. "ఏంటి జాన్‌బాబు గారూ, మొన్నేగా అలాంటిదే నాకు అమ్మారు?"

"మీదాంట్లో రావండి."

"ఎందుకని?"

"మీకు సిగ్నలే లేదని నిన్న కొట్టుకొచ్చి గొడవ చేశారుగా. కాస్త జరగండి."

సగం కొండెక్కాక శౌరమ్మకి ఆయాసమొచ్చింది. పక్కనే ఒక చప్టా ఖాళీగా ఉంది. సొలొమోను అలవాటు కొద్దీ రేడియో చెవి దగ్గరికి తీసుకెళ్ళబోయాడు. "ఇలా ఇవ్వండి," అని ఆవిడ కుడిచేత్తోనే రేడియో అందుకుంది. వేళ్ళు కొంచెం వణికాయి గానీ జారనివ్వలేదు. చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని, తన చుట్టూ తాను ఒకసారి తిరిగింది.

"ఏమంటోంది?" అన్నాడు సొలొమోను, నేలచూపులు చూస్తూ.

"ఇక్కడ కూర్చోవచ్చటండీ," అంది శౌరమ్మ. "గీత గీయకుండానే, నా పక్కనే."