పెళ్ళికి ముందు రసజ్ఞ చెప్పిన మాట

రసజ్ఞది ఏలూరు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొదటి పెళ్ళి ఎన్నాళ్ళో నిలవలేదు. అందులోంచి ఆమె వెంట వచ్చింది హెర్పిస్ అనే సుఖవ్యాధి ఒక్కటే. ఆ జబ్బు తనకుందని మొగుడికి ముందే తెలుసు. చెప్పలేదు. కింద పొక్కులు లేచి, జ్వరంతో ఒళ్ళు కాలిపోతూ ఆమె మంచం పట్టిన రోజు కూడా "వేడి చేసినట్టుంది, మజ్జిగ తాగు" అని ఊరుకున్నాడు. జబ్బు కన్నా ఆ ఊరుకోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఆఫీసులో గిరీష్ పరిచయమయ్యాడు. బోరబండ మనిషి. లంచ్ టైంలో గేటు బయట తెలంగాణ ధర్నాలో కూర్చొని, మళ్ళీ వచ్చి ఆమె పక్క సీట్లో పని చేసుకునేవాడు. ప్రత్యేక రాష్ట్రం గురించి ఇద్దరూ వాదించుకునేవాళ్ళు. ఆ వాదనల్లోనే దగ్గరయ్యారు.

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. అతను నడిచి ఇంటికి పోతుంటే ఒక సాయంత్రం ఆమె కూడా కొంతదూరం వెళ్ళింది. దారిలో అతను పెళ్ళి మాటెత్తాడు. ఆమె ఆగిపోయింది.

"నాకు హెర్పిస్ ఉందండి. కలిస్తే మీకూ సోకొచ్చు. అది తెలిశాకే మీరేదైనా అనండి."

అతను "నాకు జర టైం ఇయ్యి" అని వెళ్ళిపోయాడు. ఆమె ఏడవలేదు. చెప్పగలిగినందుకు గుండె తేలికైంది.

వారం గడిచాక ఫోన్ చేశాడు. "దవాఖానకు పోదాం. డాక్టర్‌ను నేను గూడ అడగాల్సినవి ఉన్నయి."

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. "పూర్తిగా పోయేది కాదు. కానీ ఈమె రోజూ మాత్ర వేసుకుంటే మీకు సోకే అవకాశం దాదాపు సగం తగ్గుతుంది. కండోమ్ వాడితే ఇంకా తగ్గుతుంది. అక్కడ చురచురమనడం మొదలైనప్పటి నుంచి పుండ్లు పూర్తిగా మానేదాకా కలవకండి. ఏమీ కనిపించనప్పుడూ ఒక్కోసారి సోకుతుంది. అసలు సోకదని మాత్రం చెప్పలేను."

"సోకితే?"

"ఇవే మందులు. ప్రాణానికి భయం లేదు."

గిరీష్ బయటికొచ్చి, "నువ్వు చెప్పకుంటే నాకెట్ల తెలుస్తుండె?" అన్నాడు. ఆ శీతాకాలంలో రిజిస్టర్ ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు.

రసజ్ఞ మాత్ర మానలేదు. ఒంట్లో చురుక్కుమనగానే "ఇవాళ వద్దు" అనేది. అందులో సిగ్గు లేదు, క్షమాపణ లేదు. అతను సరేనని పక్కకు తిరిగి పడుకునేవాడు, లేదా లేచి ఇద్దరికీ టీ పెట్టేవాడు.

అత్త సాయమ్మ కళ్ళు చురుకైనవి. "రోజు ఏసుకుంటున్నవు, ఆ గోలీలేంది బిడ్డా?" అని ఒకనాడు అడిగింది. రసజ్ఞ ఉన్నదున్నట్టు చెప్పింది.

"నా కొడుక్కు ఎరికేనా?"

"పెళ్ళికి ముందే చెప్పానత్తయ్యా."

సాయమ్మ తలూపింది. "ఇగ మీ ఇద్దరి నడుమ నాకేం పని. అన్నం తిన్నవా?" అంది.

నెల తప్పినప్పుడు, మొదటి పరీక్షలోనే రసజ్ఞ కాన్పు డాక్టరుకు అంతా చెప్పేసింది. నొప్పులప్పుడు పుండ్లుంటే బిడ్డకు సోకకుండా ఆపరేషన్ చేయాల్సి వస్తుందన్నారు. చివరి నెలలో ముందుజాగ్రత్తగా మందు మోతాదు పెంచారు. ఒక్క పొక్కూ రాలేదు. మామూలు కాన్పే అయి ఆడపిల్ల పుట్టింది. అప్పటికి రాష్ట్రం వచ్చి కొద్దిరోజులే అయింది.

గిరీష్‌కు ఇప్పటిదాకా ఏ లక్షణమూ లేదు. రేపటి సంగతి ఎవరూ చెప్పలేరని ఇద్దరికీ తెలుసు. రసజ్ఞ పొద్దున్నే పాపకు పాలిచ్చి, మంచినీళ్ళతో మాత్ర వేసుకొని, ఆఫీసుకు తయారవుతుంది.