సౌకర్యం ఎవరికి?

నేను ఒమన్‌లోని దుక్మ్‌లో వెల్డర్‌ని. ఊళ్లో నా భార్య లక్ష్మి బంగారు గాజులు ఓ గోల్డ్‌లోన్ కంపెనీలో కుదువపెట్టి తెచ్చిన అప్పుకు నెలనెలా ఫోన్‌లోనే వాయిదా కట్టేవాణ్ణి. కట్టిన ప్రతిసారీ 'సౌకర్య రుసుము' అంటూ అదనంగా లాగేవారు. ఆఖరి వాయిదా గడువు రోజు ఒళ్లు మండి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను.

"బ్రాంచికొచ్చి కడితే ఫీజుండదు సార్," అందో అమ్మాయి.

"నేను ఒమన్‌ల ఉన్న మేడం. విమానం టికెట్ మీరిస్తరా?"

నా రూమ్‌లో వాళ్లంతా పగలబడి నవ్వారు.

పంతం కొద్దీ లక్ష్మిని డబ్బిచ్చి రమ్మని బ్రాంచికి పంపాను. గంటసేపు నిలబెట్టి, ఆన్‌లైన్‌లోనే కట్టుకోమని తిప్పి పంపారట.

"గాజులు పోతయేమో, జల్ది కట్టు," అని ఫోన్‌లో ఏడ్చింది.

రుసుముతో సహా కట్టేశాను. గాజులు ఇంటికొచ్చాయి. బాకీ తీర్చడానికి వచ్చినవాళ్లను గుమ్మంలోంచి తిప్పి పంపి, సౌకర్యం పేరుతో డబ్బు గుంజే ఆ మర్యాదస్తులంటే మాత్రం నాకిప్పటికీ అసహ్యమే.