రక్తదాతల జాబితాకు అక్క వేసిన తాళం

మా అక్క మొన్న ఆదివారం పోయింది. బావ ఫోన్ చేసి, "మీ అక్క లేదు రా" అన్నాడు.

తోడబుట్టిన అక్క కాదు. గోదావరిఖనిలో మా రక్తదాతల సంఘం కంప్యూటర్ చూసుకున్న మనిషి. కీబోర్డులో చేరిన బొగ్గుపొడిని పాత పళ్ల బ్రష్షుతో దులిపాకే పని మొదలుపెట్టేది. ఇవాళ నేను తినే అన్నం ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్న పనివల్లే.

ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులు. గోలేటి, సెంటినరీ కాలనీ శాఖలవాళ్లు మా డేటాబేస్‌ను ఇంటర్నెట్లో నేరుగా చూసుకుంటే బాగుంటుందన్నారు మా అధ్యక్షుడు.

"గిట్ల తెరిచిపెడితే పాస్‌వర్డ్ తెలిసినోడు యాడికెళ్లయినా వస్తడు కాకా" అంది అక్క.

"రక్తం జాబితా ఎవడెత్కపోతడు బిడ్డా?" అని ఆయన నవ్వి, అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టించారు.

కొద్దిరోజులకే నర్సింగ్ చదివే ఒక దాత ఫోన్ చేసింది. "అన్నా, రక్తమిస్తనని పేరు రాయిస్తే సంబంధాలొస్తున్నయేంది?"

ఎవరో పెద్దమనిషి ఆమెకు ఫోన్ చేసి, "నువ్వు ఓ పాజిటివ్, మా పిలగాడూ ఓ పాజిటివ్. ఇంక జాతకాలెందుకు బిడ్డా?" అన్నాడట.

ఆరా తీస్తే ఆయన అధ్యక్షుడి బావమరిది. నస్పూర్‌లో పెళ్లి సంబంధాలు కుదురుస్తాడు. అధ్యక్షుడు చెప్పిన పాస్‌వర్డ్‌తో నెట్ సెంటర్లో కూర్చుని పేర్లు, వయసులు, నంబర్లు రాసుకున్నాడు. మా జాబితాను మా శాఖలవాళ్లకంటే ఆయనే చక్కగా వాడుకున్నాడు.

మేం నవ్వుకున్నాం గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆడపిల్లలు ఒక్కొక్కరే పేర్లు తీయించుకున్నారు. ఇంతలో ఒక కాన్పు కేసుకు రక్తం కావాలని దవాఖాన నుంచి కబురొచ్చింది. దాత దొరికేసరికి ఫోన్లు చేసీ చేసీ అక్క గొంతు బొంగురుపోయింది.

మర్నాడు ఆమె డేటాబేస్‌ను బయటి కనెక్షన్లకు పలకకుండా మూసేసింది. శాఖకొక తాళంచెవి ఫైలు చేసింది. అది ఉన్న కంప్యూటర్‌కే జాబితా కనిపిస్తుంది. ఆ జాబితాను నెట్‌లో వెళ్లే దారిలో ఎవరు పట్టుకున్నా చదవలేరు. ఆ ఫైళ్లను మెయిల్లో పంపుదామన్నాను. "తాళంచెవి మంది చేతుల మీద పంపుతమా తమ్మీ?" అని తనే బస్సెక్కి గోలేటి పోయింది.

అధ్యక్షుడు తనకూ ఒకటి కావాలన్నారు.

"మీకెందుకు కాకా?"

"అధ్యక్షుణ్ణి గద బిడ్డా."

"గందుకే ఇయ్య."

చాలాకాలం ఆయన మాతో మాట్లాడలేదు. చాయ్ మాత్రం రోజూ వచ్చి తాగిపోయేవారు.

పేర్లు తీయించుకున్న అమ్మాయిల ఇళ్లకు అక్క నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. "తప్పు మాదే. ఇప్పుడు బందోబస్తు చేసినం. మీ మనసుకు నచ్చితెనే రాండ్రి" అని ప్రతి గడపలోనూ చెప్పింది.

మళ్లీ పేరు రాయించడానికి ముందుగా వచ్చింది ఆ నర్సింగ్ అమ్మాయే. తన ఫోన్ నంబరు తనే కొట్టుకుంటానంది. అక్క తన కుర్చీ ఇచ్చి, నాకూ మానిటర్‌కూ మధ్య చీరకొంగు చాపి నిలబడింది.

"నేను రోజూ చూసే జాబితానే గదక్కా" అన్నాను.

"ఇప్పుడు చూడకు" అంది.

ఆ అమ్మాయి ఒక్కో అంకె వెతుక్కుంటూ కొట్టినంతసేపూ అక్క చెయ్యి దించలేదు.