లడ్డూ వద్దని ఏడ్చిన పిల్ల

1959 మార్చిలో ఒక సోమవారం సాయంత్రం, గుడ్లవల్లేరులో మా ఇంటి అరుగు మీద ఆరబోసిన పెసల్లోంచి ఒక గింజ తీసి మా ఐదేళ్ళ అమ్మాయి ముక్కులో దోపుకుంది. ఆదివారమని మా అత్తగారు చివరిదాకా వాదించారు గాని, సోమవారమే. తెల్లారేసరికి గింజ నాని ఉబ్బింది. ఎవరి వేలు దగ్గరికి వచ్చినా పిల్ల కరుస్తోంది. బందరు డాక్టరుగారి ముందు కదలకుండా కూర్చుంటే తప్ప అది ఊడిరాదు.

స్టేషన్లో మా అత్తగారు మనవరాలి గడ్డం పట్టుకుని, "బందరు వెళ్ళి లడ్డూ తిందామా బంగారం?" అన్నారు.

పిల్ల బెంచీ కాలు వాటేసుకుంది. "లడ్డూ వద్దు! నాకు లడ్డూ వద్దు!"

చుట్టూ ఉన్న జనం విడ్డూరంగా చూశారు. వాళ్ళకేం తెలుసు? మా అత్తవారింట్లో పిల్లలకి సూది వేయించాలన్నా, పన్ను పీకించాలన్నా లడ్డూ పేరు చెప్పే తీసుకెళ్ళేవారు. మా పెళ్ళి భోజనంలో మా ఆయన కూడా, విస్తట్లో లడ్డూ పడగానే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నారు. నేను పక్కనే ఉన్నాను.

పిల్ల పక్కన చతికిలబడి చెప్పాను. "ముక్కులో గింజ తీయించడానికి వెళ్తున్నాం. నొప్పి పుడుతుంది."

"ఎంత?"

"తలలో చిక్కు తీసినంత."

ఏడుపు ఆపింది. "నూనె రాసా, రాయకుండానా?"

"రాయకుండా."

"పిల్లకి నిజం చెప్తావేవిటమ్మాయ్!" అని అత్తగారు నెత్తి కొట్టుకున్నారు. పిల్ల మాత్రం లేచి నా చెయ్యి పట్టుకుంది.

బందరులో డాక్టరుగారు సన్నటి కొక్కెం తీసి, "అస్సలు నొప్పే ఉండదమ్మా" అన్నారు. పిల్ల ఠక్కున ముక్కు మూసుకుంది.

"అలా అనకండి డాక్టరుగారూ. నూనె రాయని చిక్కంత అని చెప్పి తీసుకొచ్చాను."

ఆయన నా వంకా, దాని వంకా చూసి, "అయితే అంతే ఉంటుంది" అని ఒప్పుకున్నారు.

"ముందు నాయనమ్మకి చూడండి" అంది పిల్ల.

టార్చి తన వైపు తిరగగానే మా అత్తగారు కుర్చీతో సహా వెనక్కి జరిగారు. "నాకొద్దు నాయనా! ముక్కుపుడక ఉంది, కుదరదు!"

పిల్ల వెళ్ళి ఆవిడ చెయ్యి నిమిరింది. "ఊరికే చూస్తారంతే. ఏడవకు నాయనమ్మా, లడ్డూ కొనిపెడతాగా."

డాక్టరుగారు నవ్వు కనపడకుండా మొహం గోడ వైపు తిప్పుకున్నారు. ఆవిడ ముక్కు చూడడం అయ్యాక, పిల్ల తనే బల్ల ఎక్కి తల వెనక్కి వాల్చింది. ఒక్కసారి "అమ్మా" అంది. గింజ వచ్చేసింది.

"నూనె రాసినంతే" అని నా లెక్క కూడా దిద్దింది.

మనవరాలు మాటిచ్చింది కాబట్టి లడ్డూలు కొనక తప్పలేదు. "ఉత్త లడ్డూయేనే, ఒట్టు" అని అత్తగారు ఒకటి దాని చేతిలో పెట్టారు.

"ముందు నువ్వు తిను."

ఆవిడ తిన్నారు. అయినా పిల్ల తన లడ్డూని గుప్పిట్లో పట్టుకుని, స్టేషను దాకా వెనక్కి చూసుకుంటూనే నడిచింది. రైలు పెడన దాటింది. పెట్టెలోకి డాక్టరెవరూ ఎక్కలేదని తేల్చుకున్నాక, కొంచెం కొరికింది.