రేణుక గుమ్మంలో మగవాడి బూట్లు

మా చాల్‌లో ఒకే వరండాకు వరసగా ఉన్న ఏ గది లోపలా ఫోన్‌కు సిగ్నల్ అందదు. మాట్లాడాలంటే వరండా చివర నల్లా దగ్గరికి రావాల్సిందే. అందుకని కామాఠీపురాలో మా గల్లీ వరకు ఎవరి కాపురమూ రహస్యం కాదు. ఇజ్రాయెల్ నుంచి రేణుక వీడియో కాల్ చేసినప్పుడల్లా ఆమె మొగుడు సాయిలు ఫోన్‌ను వరండా పిట్టగోడ మీద నీళ్ళ డబ్బాకు ఆనించి పెట్టేవాడు. పక్కన కూతురు సంధ్య, వెనక తల్లి భూదేవి, వాళ్ళ వెనక బట్టలు ఆరేసే నెపంతో పక్కగది రత్నాబాయి, ఏ నెపమూ లేకుండా కుర్చీ వేసుకుని నేను.

బూట్లను ముందు చూసింది రత్నాబాయి.

ఆ ఆదివారం రేణుక అప్పుడే బయటినుంచి వచ్చినట్టుంది, ఇంటి తలుపు ఇంకా తెరిచే ఉంది. తలుపు అవతల, కాళ్ళు తుడుచుకునే పట్టా మీద, నల్లటి మగ బూట్ల జత. సంధ్య ఏదో సరదాకు తన ఫోన్‌తో ఆ తెరను ఫోటో తీసింది. ఫోన్ పెట్టేశాక రత్నాబాయి తడి చీర దులుపుతూ అడిగింది.

"సాయిలూ, మీ రేణుక చూసుకునేది ముసలామెను కదా?"

"అవునక్కా."

"ఒక్క ముసలామెనేనా?"

"ఒక్కతే."

"ఆమె కాళ్ళు జర పెద్దగున్నట్టున్నయి."

రేణుక వర్లి చాల్‌లో పుట్టింది. తండ్రి ఇసుక మోసేవాడు. మా సాయిలును చేసుకుని ఇక్కడికి వచ్చాక ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేరింది. మంచం పట్టిన మనిషిని ఆమె పక్కకు తిప్పితే, తిప్పినట్టు ఆ మనిషికే తెలిసేది కాదని చెప్పుకునేవాళ్ళు. మా ఆవిడ ఆఖరి రోజుల్లో నేను కళ్ళారా చూశాను కాబట్టి ఈ ఒక్క మాటకు నేను ఉప్పూకారం చేర్చలేదు. ఆ పని మీదే ఆమె ఇజ్రాయెల్ వెళ్ళింది. సముద్రం పక్క ఒక ఊళ్ళో, పాత బిల్డింగు పై అంతస్తులో, మిరియం అనే ముసలామె దగ్గర. నడుము పడిపోయిన మనిషి. రేణుక ఆమెను అమ్మమ్మ అనేది.

తర్వాత అక్కడ యుద్ధం మొదలైంది. మన ఆడవాళ్ళు కొందరు విమానం దొరికితే చాలని వచ్చేశారు. రేణుక రాలేదు. "అమ్మమ్మను ఎవరికి అప్పజెప్పి రావాలె?" అంది. సాయిలు ఆ మాటను చాలాకాలం నమ్మాడు. బూట్లు కనబడిన రోజునుంచి నమ్మడం మానేశాడు.

నమ్మకం పోయాక పాత కాల్స్ అన్నీ కొత్తగా గుర్తొస్తాయి. ఆమె ఎందుకు అంత మెల్లగా మాట్లాడుతుంది? మాట మధ్యలో తలుపు వైపు ఎందుకు చూస్తుంది? మొన్న ఎవరో తలుపు తడితే ఫోన్ టక్కున ఎందుకు కట్ చేసింది? సాయిలు తాపీ పని వదిలేసి వరండాలో పచార్లు చేశాడు. చివరికి సంధ్య తీసిన ఫోటో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. భాయ్‌ఖలాలో ఫాదర్ల స్కూలు గోడ కట్టింది మా నాయన. ఆ గోడ పుణ్యాన నాకు ఆ స్కూల్లో సీటు దొరికింది. అప్పటినుంచి తెల్లవాళ్ళ వస్తువు ఏది దొరికినా మా గల్లీ నా ముందు పెడుతుంది.

"పెదనాయినా, ఇవి ఎట్లాంటోనియి?"

నేను కళ్ళజోడు తుడుచుకుని చూశాను. "పదకొండో నంబరు. ఆరడుగుల మనిషి. కుడికాలు కొంచెం ఈడుస్తడు."

ఫాదర్ల దగ్గర చదివినవాడు తెలియదని అనకూడదు. సాయంత్రానికి రత్నాబాయి నోట్లో ఆ మనిషికి మిలిటరీ ఉద్యోగం వచ్చింది. మర్నాటికి నీలం కళ్ళు కూడా వచ్చాయి.

అందరికన్నా గట్టిగా మాట్లాడింది భూదేవి. "నా మొగడు పోయి ఎన్నేండ్లాయె. నా గుమ్మంల పరాయి మగోని చెప్పు పడిందా? పడ్డది ఎవరన్న చూసిన్రా?" అని తన గడప వైపు చెయ్యి చాపింది.

ఆ గడప పక్క ఎప్పుడూ ఒక జత మగ చెప్పులుంటాయి. ఆమె మొగుడు, చచ్చిపోయిన పోశయ్యవి. సాయిలు చంకలో పిల్లవాడిగా ఉండగా పోశయ్య పరంజా మీదినుంచి పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. మొగుడి మీద ప్రేమ చావక భూదేవి ఆ చెప్పులను బయటే ఉంచుకుందని గల్లీ అంతా మెచ్చుకుంటుంది. సాయిలు చిన్నప్పుడు వాటికి మొక్కి పరీక్షకు పోయేవాడు. ఒక చిత్రం ఉంది. ఆ చెప్పులు ఒక రోజు గోడవైపు ఉంటే మరో రోజు మెట్లవైపు ఉండేవి. ఒక్కోసారి పొద్దునే తడిసి ఉండేవి. పోశయ్య చీకటి పడ్డాక లేచి నల్లా దాకా నడిచి వస్తాడని నేను పిల్లలకు కథ చెప్పాను. కథ పిల్లల దగ్గర ఆగలేదు.

తర్వాతి ఆదివారం కాల్ రాగానే సాయిలు కుశలం అడగలేదు.

"ఆ బూట్లు ఎవరియి?"

"ఏ బూట్లు?" అంది రేణుక. అనకూడని మాట అదే.

సంధ్య ఫోటో చూపించింది. రేణుక దాన్ని చూసింది, మా వైపు చూసింది. రత్నాబాయి చేతిలోని గుడ్డలో పిండడానికి నీళ్ళేమీ మిగల్లేదు, అయినా పిండుతోంది. రత్నాబాయి చెల్లెలి కొడుకు కూడా రేణుక ఉన్న ఊళ్ళోనే పనిచేస్తాడు. ఇక్కడ అన్న మాట అక్కడికి విమానం కంటే ముందు చేరుతుంది.

"అందరు లోపలికి పోతే చెప్త."

"అందరి ముంగట కనబడ్డయి. అందరి ముంగటనే చెప్పు."

"చెప్ప."

"అయితే విను. వచ్చే విమానంల రా. రాకుంటే మళ్ళ ఈ గడప తొక్కకు."

సంధ్య తండ్రి చెయ్యి పట్టుకుంది. "పప్పా, అసం నకో నా," అని, అట్లా అనొద్దని మరాఠీలో బతిమాలింది. అతను విదిలించుకున్నాడు.

రేణుక గొంతు పెంచలేదు. "అమ్మమ్మ మెట్లు దిగలేదు. సైరన్ మోగితే నేను ఎత్తుకుని కిందికి దింపాలె. నేను వస్తే ఆమెను ఎవరు దింపుతరు?"

"ఆ బూట్లాయన దింపుతడు."

మామూలుగా ఇలాంటి మాటకు మా వరండా నవ్వుతుంది. ఆ రోజు నవ్వలేదు. నవ్వేలోపే ఫోన్‌లోనుంచి సైరన్ వినబడింది.

రేణుక ఫోన్‌ను బల్ల మీద పెట్టేసి పక్కకు పరుగెత్తింది. మాకు ఎదురుగా తలుపు మాత్రమే కనబడుతోంది. ముసలామెను ఒక దుప్పట్లో చుట్టి వీపుకు ఎత్తుకుని వచ్చింది, మనవాళ్ళు సిమెంటు బస్తా ఎత్తుకున్నట్టు. ఒక చేత్తో తలుపు తీసింది, బూట్లను తన్నుకోకుండా దాటింది, మెట్లలో మాయమైంది. తలుపు తెరిచే ఉంది. తెర మీద ఇక మిగిలినవి ఆ బూట్లే.

మేమంతా వాటినే చూస్తున్నాం. ఏ గదిలోనుంచో ఆరడుగుల మనిషి రావాలి. కుడికాలు ఈడుస్తూనో, ఈడ్వకుండానో, రావాలి. బూట్లలో కాళ్ళు దూర్చుకుని పరుగెత్తాలి. ఎవరూ రాలేదు. ఎక్కడో దూరంగా దబ్బుమంది. బల్ల కదిలినట్టు తెర వణికింది. సంధ్య ఏడుస్తోంది. సాయిలు ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని "రేణుకా, రేణుకా" అంటున్నాడు, ఆమె పక్కన లేదని మరిచిపోయి.

భూదేవి మాత్రం ముఖాన్ని తెరకు ఆనించినంత పని చేసింది. "సంధ్యా, మొన్నటి ఫోటో చూపియ్," అంది. సాయిలు ఫోన్‌లో తలుపు, సంధ్య ఫోన్‌లో తలుపు. రెండింట్లోనూ బూట్లు ఒకే చోట, ఒకే వంపులో. ఎడమ బూటు తాడు పట్టా మీదినుంచి ఒకే తీరుగా జారి ఉంది.

భూదేవి నడుము నిటారు చేసింది. "రత్నా, లోపలికి పో. అందరు పోండ్రి."

రత్నాబాయి పోయి తలుపు వేసుకునేదాకా భూదేవి చూపు మరల్చలేదు. నాకు సరిగ్గా అప్పుడే మోకాళ్ళ నొప్పి వచ్చింది, లేవలేకపోయాను.

"అన్నా, నీ మోకాళ్ళు నాకు ఎరికే," అంది భూదేవి. "ఉండు. నువ్వు చెప్పినా ఎవ్వరు నమ్మరు."

కాసేపటికి రేణుక తిరిగి వచ్చింది. ముసలామెను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, ఫోన్ తీసుకుంది. ముఖమంతా చెమట.

"దెబ్బ తగిలిందా?" అన్నాడు సాయిలు.

"లేదు."

భూదేవి ఫోన్ లాక్కుంది. "బిడ్డా, ఆ బూటొకటి తిరగేసి అడుగు చూపియ్."

రేణుక తలుపు దాకా నడిచింది. బూటు ఎత్తింది. అడుగున పొడి దుమ్ము, మడమ మూల సాలెగూడు. పైకి మాత్రం పాలిష్ మెరుస్తోంది.

"అమ్మమ్మ పెనిమిటియి. ఆయన పోయి శాన్నాళ్ళయింది. అల్మారి మీద ఉండె. ఈడ కింది ఇండ్లన్ని ఖాళీ అయినయి అత్తమ్మా. ఒకడు నల్లా చూస్త, కరెంటు చూస్త అనుకుంట వచ్చి తలుపు కొడుతుండె. ఇవి పెట్టినంక రాలె."

"మొగనికి చెప్తే ఏమాయె?"

"చెప్తే ఆ దినమే వచ్చెయ్ అంటడు. అమ్మమ్మ ఏం గావాలె?"

"నాకన్న చెప్పకపోతివి."

"నీకు చెప్పాల్నా అత్తమ్మా?" రేణుక మొదటిసారి నవ్వింది. "ఊడ్చేటప్పుడు నీ గుమ్మంల చెప్పులు ఎత్తి చూసిన. అడుగు అరగనే లేదు. దుకాణపోని ముద్ర కూడ అట్లనే ఉండె."

సాయిలు ఒకసారి ఫోన్‌ను, ఒకసారి గడపను చూశాడు. "అవ్వా, అవి మా అయ్యయి కావా?"

"మీ అయ్యకు చెప్పులెక్కడియిరా. ఉత్త కాళ్ళతోనే పనికి పోయిండు, ఉత్త కాళ్ళతోనే పోయిండు. అవి ఫాక్‌లాండ్ రోడ్డు మీద కొన్న. ఉన్నవాట్ల పెద్దయి చూసి కొన్న."

ఆమె వివరించలేదు, మాకు వివరించనక్కర్లేదు. మా గల్లీల్లో సానిఇళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు తప్పు తలుపు తట్టడం కొత్త కాదు. అందుకే సంసారుల తలుపుల మీద ఫ్యామిలీ అని రంగుతో రాసి ఉంటుంది. తాగినవాడు అక్షరాలు చదవడు. గుమ్మంలో చెప్పులు చూస్తాడు.

"నేను వాటికి మొక్కి పరీక్షకు పోయిన," అన్నాడు సాయిలు.

"పాసయితివి గద," అంది భూదేవి. మళ్ళీ ఫోన్ వైపు తిరిగింది. "ఓసి పిచ్చిదానా, ఇన్ని దినాలు ఒక్క తీరే పెడితివి. నాకు తెలిసినట్టు వానికి తెల్వదా? రోజు జరపాలె. ఒకనాడు వంకర, ఒకనాడు ఒకదాని మీద ఒకటి. అప్పుడప్పుడు తడపాలె. నేను ముందుగాల ఒక్క తీరు పెడితే పాలు పోసేటోడు పసిగట్టిండు."

పోశయ్య నల్లా దాకా ఎలా నడిచేవాడో నాకు అప్పుడు తెలిసింది. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

సాయిలు ఫోన్ తీసుకున్నాడు. చొక్కా కొసతో తెర తుడిచాడు. తర్వాత, "గొళ్ళెం గట్టిదేనా?" అని అడిగాడు.

"గట్టిదే."

"ఎవ్వరికి చెప్పకు. ఈడ మేం కూడ చెప్పం."

ఇప్పుడు మిరియం కూతురు తల్లిని, రేణుకను వేరే ఊరికి, కింది అంతస్తు ఇంటికి మార్చింది. బూట్లు మళ్ళీ అల్మారా ఎక్కాయి కాబట్టి రాస్తున్నాను. కానీ ఆ మాటలు జరిగిన తర్వాతి ఆదివారం, వాళ్ళింకా పాత ఇంట్లోనే ఉండగా, కాల్‌కు మేమంతా మళ్ళీ వరండాలోనే ఉన్నాం. రేణుక మాట్లాడుతూ తలుపు తెరిచింది. ఒక బూటు బోర్లా పడి ఉంది, రెండోది గోడకు ఆని ఉంది. రెండూ తడిగా ఉన్నాయి.

రత్నాబాయి చీర పిండడం ఆపింది. "సాయిలూ, బూట్లాయన ఇప్పుడే వచ్చినట్టున్నడు?"

సాయిలు తల వంచుకోలేదు, ఫోన్ తిప్పేయలేదు.

"అవునక్కా," అన్నాడు. "డ్యూటీనుంచి వచ్చిండు. పండుకున్నడు. జర మెల్లగ మాట్లాడు."