నా బండి ఆగిన చోటు

డిసెంబరు వచ్చిందంటే నాకు నిద్ర పట్టదు. తెల్లారకముందే లేచి, మఫ్లరు చుట్టుకుని, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని, గుడివాడ నుంచి మా అక్క వాళ్ల ఊరివైపు స్కూటరు మీద బయల్దేరతాను. దారికి రెండు పక్కలా చేపల చెరువులే. ఒకప్పుడు అవన్నీ వరిచేలు. ఇప్పుడు కనుచూపు మేర వరి చూడాలంటే పామర్రు వైపు వెళ్లాలి. అక్కడ మాత్రం ఎన్నాళ్లుంటుందో నాకు నమ్మకం లేదు.

ఈ చెరువుల మధ్య ఒకే ఒక్క పల్లం మిగిలింది. పక్షుల మీద జాలితో వదిలేశారనుకునేరు, అంత మంచివాళ్లం కాదు మేము. ఆ భూమి కోసం అన్నదమ్ములు కోర్టులో కొట్టుకుంటున్నారు. అందుకని ఎవరూ అందులో పొక్లెయిన్ దించలేకపోయారు. మనిషెత్తు జమ్ము పెరిగింది, మధ్య మధ్య మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. చలికాలం రాగానే పరజలు, గూడబాతులు, తెడ్డుమూతి కొంగలు అక్కడ దిగుతాయి. ఆ గొడవ ఎప్పటికీ తేలకూడదని నేను ప్రార్థన చేస్తుంటాను. ఆదివారం మందిరంలో మోకాళ్లూని, ఒక కుటుంబం కలవకూడదని దేవుణ్ణి వేడుకునేవాడు ఈ చుట్టుపక్కల నేనొక్కడినే అయి ఉంటాను.

నాకీ పిచ్చి అంటించింది మా బావే. అక్క పెళ్లయిన కొత్తలో సెలవులకి వాళ్లింటికి వెళ్తే, పొద్దున్నే లేపి కాలవగట్టు మీదికి తీసుకెళ్లేవాడు. "పైకి చూడకు, నీళ్లలోకి చూడు. ముందు నీడ కనబడుద్ది" అనేవాడు. గూడబాతుల గుంపు తమ నీడల మీదికే దిగడం మొదటిసారి ఆయన పక్కన నిలబడే చూశాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు. అప్పట్లో ఆయనకి చెరువు లేదు.

ఇప్పుడుంది. ఉన్న పొలమంతా తవ్వించేశాడు. పోయినేడు చేపకి జబ్బు తగిలి సగానికి సగం తేలిపోయింది. ఈసారి వదిలిన చేపపిల్ల కూడా దక్కకపోతే ఊళ్లో తలెత్తుకోలేనని ఆయన భయం. ఆ భయం అబద్ధం కాదు, నేను కాదనను. చెరువు మీద అడ్డంగా, నిలువుగా సన్నటి నైలాను తీగలు లాగించాడు. వాటికి తగులుకుని చచ్చిన నీటికాకుల్ని తియ్యనివ్వడు. అవి రెక్కలు విచ్చుకుని అలాగే వేలాడుతుంటాయి. నాలుగు వేలాడితే మిగతావి రావంటాడు.

ఈ చలికాలం మొదట్లో, వాళ్లింట్లో టీ తాగుతుండగా అడిగాడు.

"ఏరా, ఆ పల్లంలో అవి ఏ మూల పడుకుంటున్నాయి?"

"ఎందుకు బావా?"

"అక్కడ పడుకుని ఇక్కడ మేస్తున్నాయిరా. రోజుకో మూల మారతాయి, ఆ జమ్ములో మా కాపలావాడికేం కనబడి చావట్లేదు. నీకైతే తెలుసుగా. పడక చెడగొడితే కొల్లేరు పోతాయి. లేదంటే జమ్ము మొత్తం తగలబెట్టించడమే."

"తెలిసినా నేను చెప్పను బావా."

ఆయన మొహం మాడిపోయింది. అక్క వంటింట్లోంచి వచ్చి, "పిట్టల కోసం బావని కాదంటావేంట్రా? అవేమన్నా నీకు కూడెడతాయా?" అంది. బావ టీ గ్లాసు పక్కన పెట్టి చెరువు వైపు వెళ్లిపోయాడు. అంతటితో అయిపోయిందనుకుని తేలిగ్గా ఇంటికొచ్చాను.

ఆ తర్వాత మొదలైంది. నేను పల్లం గట్టు పక్కన బండి ఆపి, బైనాక్యులర్స్ తుడుచుకునే లోపలే ఢామ్మని మోత. ప్లాస్టిక్ గొట్టంలో కార్బైడు వేసి పేల్చే తుపాకి అది. మంచులో దారీ తెన్నూ తెలియక గుంపు గుంపంతా లేచి చెరువుల మీదికి పోయేది. కాసేపటికి ఎక్కడో తీగ టంగుమనేది. మర్నాడు ఇంకో మూలకి వెళ్లేవాణ్ణి, అక్కడా అంతే. నా వేళ బాగోలేదని తిట్టుకునేవాణ్ణి. తెల్లారాక చూస్తే తీగకి ఒక తెడ్డుమూతి కొంగ వేలాడుతుండేది, ఇంకా కాళ్లు కొట్టుకుంటూ.

క్రిస్మస్ రోజు, అలిగి కూర్చోవడం బాగుండదని అక్క వాళ్లింటికి వెళ్లాను. అరిసెలు పెట్టింది. బావ కొత్త చొక్కా వేసుకుని మామూలుగానే పలకరించాడు. ఇంతలో చెరువు కాపలా అతను పండగ అరిసెల కోసం వచ్చి, నన్ను చూసి చనువుగా అడిగాడు.

"ఏంటండీ, ఇవాళ మీరు రాలేదు? పొద్దున్నించీ మీ బండి కోసం చూస్తా గట్టు మీదే కూర్చున్నాను."

"నా బండి కోసమా? ఎందుకూ?"

"అదేంటండీ! మీ బండి ఎక్కడాగితే పిట్టలు అక్కడేనని అయ్యగారు చెప్పారు కదండీ. మీరు రాపోతే ఆ జమ్ములో నాకేం తెలుసుద్దండీ?"

నేను బావ వైపు చూశాను. ఆయన అరిసె తుంచుకుంటూ, తలెత్తకుండా అన్నాడు, "చెప్పనన్నావు, చెప్పలేదు. నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావుగా. ఇంకేంటి?"

నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో అరిసె పళ్లెంలో పడేసి వచ్చేశాను. దారిలో బండి ఆపి ఏడ్చాను కూడా. నీళ్లలోకి చూడమని నేర్పిన మనిషి, నేను ఎటు చూస్తున్నానో చూసి వాటిని చంపిస్తున్నాడు.

వెళ్లడం మానేద్దామనుకున్నాను. మానేస్తే జమ్ముకి నిప్పు పెట్టిస్తాడు, అన్నంత పనీ చేసే మనిషే. అందుకని మానలేదు. ఎప్పటిలాగే తెల్లారకముందే వెళ్తున్నాను. పల్లం ఆ చివర పాత రైసుమిల్లు వెనకాల నీళ్లెండిపోయిన జాగా ఒకటుంది. అక్కడ ఎండు జమ్ము తప్ప పురుగు కూడా ఉండదు. బండి అక్కడ ఆపుతున్నాను. మిల్లు వైపు తిరిగి బైనాక్యులర్స్ కళ్లకి పెట్టుకుని, మంచి కాలంలో ఎలా నిలబడేవాణ్ణో అలాగే నిలబడుతున్నాను. కాపలా అతను పరుగున వచ్చి ఎండు జమ్ములోకి పేలుస్తాడు. నా వెనక, దూరంగా, రెండో చివర గూడబాతులు కాస్త గోల చేసి సర్దుకుంటాయి, ఎగరవు. నీళ్ల చప్పుడు వినబడుతుంది. మెడ తిప్పి చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది. అతను నన్నే చూస్తుంటాడు కాబట్టి తిప్పను. క్రిస్మస్ తర్వాత ఒక్క పక్షిని కూడా నేను కళ్లారా చూడలేదు.

నిన్న నేనక్కడ నిలబడి ఉండగానే అక్క ఫోన్ చేసింది.

"కోపం తగ్గిందా? రోజూ వస్తున్నావంటగా, బావ చెప్పారు. ఒకే చోట గంటలు గంటలు నిలబడుతున్నావంట. అంత బాగా కనబడుతున్నాయేంట్రా?"

కాపలా అతను పక్కనే ఉన్నాడు, తుపాకి గొట్టంలో కార్బైడు నింపుకుంటూ.

"బాగా కనబడుతున్నాయక్కా," అన్నాను. ఎదురుగా మిల్లు గోడ మీద సున్నం పెచ్చులూడిపోయి ఉంది.